నీలం అంచు గిన్నె

దుప్పటి అంచును గడ్డం కింద నొక్కిపట్టి, చేతులు రెండూ బారచాపి, గిజెలా దాన్ని సగానికి మడిచింది. ఆ సగాన్ని మళ్ళీ సగం చేసింది. ఇస్త్రీ వేడి ఇంకా దిగని గుడ్డ మెడకు తగిలి హాయిగా ఉంది. పెద్ద దుప్పట్లు మడవడానికి ఇద్దరు మనుషులు కావాలని హాస్టల్లో అందరూ అంటారు. ఒక్కతే మడుచుకోవడమే ఆమెకిష్టం. రెండో మనిషి ఉంటే ఆ వెచ్చదనంలో సగం వాళ్ళకి పోతుంది.

ఉతుకుల గది నేలమాళిగలో ఉంది. గోడకి పైన, కప్పు దగ్గర, వెడల్పాటి చిన్న కిటికీ. అందులోంచి కనబడేవి ఆవరణలో నడిచేవాళ్ళ కాళ్ళు మాత్రమే. నేతపని నేర్పే కాలేజీ ఉన్న రోజుల్లో అవి ఆడపిల్లల కాళ్ళు. ఎత్తు మడమల చెప్పులు, శనివారాల్లో వాటి పక్కన నిలబడే మగపిల్లల బూట్లు. కాలేజీ మూతపడ్డాక చాలాకాలం కిటికీలో పిల్లులు తప్ప ఏమీ లేవు. ఉక్రెయిన్‌లో యుద్ధం మొదలయ్యాక మళ్ళీ కాళ్ళొచ్చాయి. లేసులు కట్టని బూట్లు, ఇంట్లో వేసుకునే మెత్తటి చెప్పులతోనే సరిహద్దు దాటిన కాళ్ళు, తల్లి బూటు మీద ఎక్కి నిలబడిన పిల్లల కాళ్ళు. సరిహద్దుకి ఇవతల, వర్బినా ఊరి చివర ఆ పాత హాస్టల్ ఇప్పుడు వాళ్ళకి ఆశ్రయం.

గిజెలా పొట్టిగా, వెడల్పుగా ఉంటుంది. ముంజేతులు రొట్టెలు ఒత్తే కర్రల్లా గట్టివి. బ్లీచింగ్ నీళ్ళకి అరచేతుల్లో గీతలు అరిగిపోయాయి. ఒకసారి సంతలో చేయి చూసే ముసలమ్మ ఆమె చేతిని అటూ ఇటూ తిప్పి, "నీకు భవిష్యత్తే లేదమ్మా, ఉతికేసుకున్నావు" అంది. ఆ మాట ఇంటికొచ్చి కొలొమాన్‌కి చెప్పి పొట్ట చెక్కలయ్యేలా నవ్వింది.

కొలొమాన్ ఆమె భర్త. రైలు పట్టాల మీద పనిచేసి వీపు వంగి ఇంట్లో కూర్చున్నాడు. ఇవాళ పొద్దున కూడా ఆమె లేచేసరికి ఆమె బూట్లు పొయ్యి దగ్గర వెచ్చబడుతున్నాయి. "నామీద అంత ప్రేమా?" అని అడిగితే, "ప్రేమా గీమా ఏం లేదు. చల్లటి పాదాలు తీసుకొచ్చి పడుకున్నాక నాకే ఆనిస్తావు" అన్నాడు. పెళ్ళయి మనవలు పుట్టినా ఆ మాటకి ఆమెకి చెవులు వేడెక్కాయి. వెచ్చటి బూట్లేసుకుని మంచులో హాస్టల్ దాకా నడుస్తుంటే ఊరంతా తనకోసమే పొద్దున్నే ఊడ్చిపెట్టినట్టు అనిపించింది.

దుప్పట్లు చంకలో పెట్టుకుని పై అంతస్తుకెక్కింది. ఇక్కడి గదుల తాళాలు ఆమె దగ్గరే ఉంటాయి. నడుముకు కట్టుకున్న గుత్తి నడిచినప్పుడల్లా మోగుతుంది. ఊళ్ళో తనలాంటి రోమా జనం, ఒకప్పటి సంచారజాతి వాళ్ళు, ఇంతమంది ఉన్నా, సర్కారు కట్టడం తాళాలు నడుముకు కట్టుకు తిరిగేది తనొక్కతే. ఆ చప్పుడు ఆమెకి సంగీతం. పక్కలు పరిచింది. ప్రతి దిండు మీదా ఒక ఆపిల్ పెట్టమని డైరెక్టరమ్మ చెప్పింది. ఒక్కొక్క ఆపిల్నీ ఆప్రాన్‌కి మెరిసేదాకా రుద్ది, కాడ పైకి వచ్చేలా పెట్టింది. గుమ్మంలో నిలబడి చూసుకుంది. తెల్లటి పక్కలు, ఎర్రటి ఆపిళ్ళు, కిటికీలో మంచు. ఎవరో ఒకరు తలుపు తోసి ఇది చూసి "అబ్బ" అంటారు. ఆ ఎవరో ఎవరై ఉండాలో కూడా ఆమె మనసులో ఉంది.

ఆ ఎవరో కింద, బల్లబంతి ఆడుకునే హాలులో ఉన్నారు.

ముసలి ఎర్జికా, ఆమె కోడలు నొయెమి, నొయెమి కూతురు చిన్న రెనాటా. సరిహద్దుకి అవతల ఉన్న ఊరి రోమావాళ్ళు. నొయెమికి నెలలు నిండుతున్నాయి. మొగుడు అవతలే ఆగిపోయాడు. మిగతావాళ్ళు వచ్చిన రైల్లోనే వాళ్ళూ వచ్చారు. స్టేషన్లో టీ ఇచ్చే చోట వరసలోంచి పక్కకి లాగారు. "మీరు యుద్ధంలోంచి రాలేదు. ఇక్కడి సిగాన్లే. ఊరికే వస్తోందని వచ్చారు" అన్నారట. సిగాన్ అన్న మాట ఆ ప్రాంతంలో రోమావాళ్ళ మీద ఉమ్మినట్టు వాడతారు. నొయెమి పాస్‌పోర్టు చూపిస్తే వెలుగుకి ఎత్తి, గోకి, వాసన చూసి మరీ ఇచ్చారట. ఎలాగో హాస్టల్‌కి చేరాక వాళ్ళకి దొరికింది ఈ హాలు. బల్ల మడిచి గోడకి ఆనించి, కసరత్తు చేసే పరుపులు నేలమీద వేశారు. మిగతా కుటుంబాలు ఒక్కొక్కటే మెట్లెక్కి పై గదులకి వెళ్ళడం అక్కణ్ణించి కనబడుతుంది.

మొదట్లో వాళ్ళు తిండి ముట్టలేదు. పళ్ళేలు పెట్టినవి పెట్టినట్టే వెనక్కి వచ్చాయి. వంటమనిషి హెడ్విగా చిప్పగరిటె గాల్లో ఊపుతూ ఉతుకుల గదికే వచ్చింది.

"మీవాళ్ళకి నా సూప్ నచ్చలేదటే గిజ్కా. రాజుల వంశం మరి!"

"నీ సూప్ నాకూ నచ్చదు హెడ్విగా. జీతం పోతుందని తింటున్నా."

నవ్వి పంపేసింది కానీ గిజెలాకి సంగతి తెలుసు. ఆమె పుట్టింట్లోనూ అంతే. ఎవరి చేత్తో వండిందో, ఏ గిన్నెలో వండిందో తెలియనిది నోట పెట్టరు. బట్టలు ఉతికిన బేసిన్లో పిండి కలిపే ఇంట్లో మంచినీళ్ళు కూడా తాగరు. తిన్నారంటే మాత్రం ఆ ఇల్లు శుభ్రమని, ఆ మనిషిని నమ్మామని అర్థం. తర్వాత దానికి వేరే మాటలు అక్కర్లేదు.

ఆ సాయంత్రమే తన నీలం అంచు ఎనామిల్ గిన్నెలో బంగాళాదుంపల కూర, పెనం మీద కాల్చిన మరిక్లా రొట్టెలు పట్టుకెళ్ళింది. ఎర్జికా పరుపు మీద బాసింపట్టు వేసుకుని, కోర్టులో జడ్జీలా కూర్చుంది. గిన్నెని చూడలేదు. గిజెలానే చూసింది.

"ఎవరి పిల్లవి?"

"పచ్చి ఇటుకలు కోసే బర్నాబాష్ కూతుర్ని, అత్తా."

"పిండి దేంట్లో కలుపుతావు?"

"కర్ర తొట్టిలో. మా అమ్మది. అందులో పిండి తప్ప ఇంకోటి పడదు."

"ఈ గిన్నెలో?"

"కూరే. నా మొగుడు ఒకసారి అందులో గడ్డం గీసుకునే నీళ్ళు పెట్టబోయాడు. అట్లకాడతో తరిమాను."

ముసలామె పెదవి కొస కదిలింది. "నువ్వు ముందు తిను."

గిజెలా నేలమీదే కూర్చుని, రొట్టె తుంచి, కూరలో ముంచి తింది. ఎర్జికా ఆ దవడలు కదలడం చివరిదాకా చూసింది. తర్వాత చేయి చాచింది. ముగ్గురూ ఎంత ఆకలిగా ఉన్నారో అప్పుడు బయటపడింది. గిన్నె అడుగు తుడుచుకుని తినేసి, రెనాటా దాన్ని టోపీలా నెత్తిన పెట్టుకుంది.

"నీ చెయ్యి మంచిది పిల్లా," అంది ఎర్జికా. గిజెలాని 'పిల్లా' అని పిలిచేవాళ్ళు అందరూ చచ్చిపోయి చాలా ఏళ్ళయింది. ఆ రాత్రి ఆ మాటని చక్కెర ముక్కలా బుగ్గన పెట్టుకుని నిద్రపోయింది.

అప్పట్నించీ రోజూ గిన్నె వెళ్తోంది, ఖాళీగా వస్తోంది.

పక్కలు పరిచి దిగివస్తుంటే డైరెక్టరమ్మ లుబిత్సా గది తలుపు తీసి ఉంది. "గిజ్కా, రా లోపలికి. తలుపెయ్యి." లుబిత్సా పొడుగ్గా, సన్నగా, ఎప్పుడూ బూడిదరంగు స్వెట్టర్‌తో ఉంటుంది. గట్టిగా మాట్లాడదు. గిజెలాని పనిలోకి తీసుకున్నది ఆమే. అప్పట్లో ఊరంతా వద్దంది. "దొంగతనం జరిగితే నాదే పూచీ" అని తాళాలు చేతిలో పెట్టింది. గిజెలా ఆ పూట ఏడ్చింది. ఇన్నేళ్ళలో ఒక చెంచా కూడా పోలేదు.

ఇవాళ లుబిత్సా లేచొచ్చి ఆమె భుజం మీద చేయి వేసింది.

"నువ్వు మా బంగారానివి. వాళ్ళ చేత అన్నం తినిపించావు. నావల్ల అయ్యేదా?"

"ఆకలి తినిపించింది మేడమ్. నాదేముంది." ధైర్యం చేసి అడిగేసింది. "మేడమ్, పైన పక్కలు పరిచేశాను. కిటికీ పక్క గది ఆ అమ్మాయికిస్తే, నెలలు నిండిన మనిషి కదా..."

"ఆ గదులు ముందే మాటిచ్చేశారమ్మా. పట్నం నుంచి పంపుతున్నారు, పేర్లతో సహా. నా చేతుల్లో లేదు." లుబిత్సా కుర్చీలో కూర్చుంది. "మీవాళ్ళకి అంతకన్నా మంచిది చూశాను. పడమటి వైపు ఒక ఊళ్ళో చర్చివాళ్ళ ఇల్లు. విడి వంటిల్లు, చిన్న తోట, ఆస్పత్రి పక్క వీధిలోనే. ఇవాళే బస్సు పెడుతున్నా. కానీ నేను చెబితే వాళ్ళు కదలరు. నువ్వు చెప్పాలి."

విడి వంటిల్లు. గిజెలా కళ్ళముందు నొయెమి సొంత పొయ్యి దగ్గర నిలబడింది. "నిజమేనా మేడమ్?"

"గిజ్కా. నీకెప్పుడైనా అబద్ధం చెప్పానా?"

ఆలోచించింది. నిజంగానే వెతికింది. ఒక్కటీ గుర్తు రాలేదు.

హాల్లో నొయెమి గోడకి ఆనుకుని, ఉబ్బిన పాదాలు చుట్టిన పరుపు మీద పెట్టుకుని ఉంది. రెనాటా బల్లబంతిని నేలమీద దొర్లిస్తూ తనతో తనే ఆడుకుంటోంది. గిజెలా ఇంటి సంగతి చెప్పింది. తోట గురించి చెప్పింది. ఆస్పత్రి గురించి చెప్పింది. చెబుతూ చెబుతూ ఆ తోటలో ఆపిల్ చెట్టు కూడా పెట్టేసింది. అది లుబిత్సా చెప్పలేదు.

"నేను బస్సెక్కను," అంది ఎర్జికా. "ఎక్కిన ప్రతి బస్సూ ముందుకన్నా హీనమైన చోటే దింపింది. ఇక్కడ పరుపుంది. పరుపు వదిలి తోటకోసం పోవడానికి నేను కుందేల్నా?"

"అమ్మా, పిల్ల పుడితే ఈ హాల్లోనా కనేది?" అంది నొయెమి. "జనం మెట్లెక్కుతూ దిగుతూ ఉంటే, అందరూ చూస్తుంటే?"

ముసలామె కండువా ముడి విప్పి మళ్ళీ కట్టుకుంది. తర్వాత గిజెలా వైపు తిరిగింది.

"ఈ మాట వాళ్ళు చెబుతున్నారా? నువ్వు చెబుతున్నావా?"

ఒకే గిన్నెలో తిన్నవాళ్ళ మధ్య ఆ ప్రశ్న ఊరికే అడగరు. గిజెలాకి తెలుసు. 'మేడమ్ చెప్పింది' అంటే చాలు. అదే నిజం. కానీ అలా అంటే ముసలామె కదలదు. కదలకపోతే విడి వంటిల్లు పోతుంది. భుజం మీద లుబిత్సా చేయి వెచ్చదనం ఇంకా ఉంది.

"నేనే చెబుతున్నాను అత్తా."

ఎర్జికా లేచి నిలబడింది. "అయితే మూటలు కట్టు నొయెమీ."

మధ్యాహ్నం తిండి వేళ గిజెలా ఇంటికి పరుగెత్తింది. దారిలో తిండి లేకుండా పంపుతారా ఎవరైనా! తొట్టిలో పిండి పోసి, సోడా, ఉప్పు, పెరుగు వేసి కలిపింది. పిండి వేళ్ళకి అంటుకుని వదిలినప్పుడు చేసే చిన్న చప్పుడు ఆమెకి చిన్నప్పట్నించీ ఇష్టం. పెనం మీద రొట్టె పొంగి, బుడగ లేచి, నల్లటి మచ్చ పడగానే కొలొమాన్ ఒకటి దొంగిలించాడు. చేతులు మార్చుకుంటూ, ఊదుకుంటూ కథంతా విన్నాడు.

"తోటా?"

"తోటే."

"ఆస్పత్రి పక్కన?"

"పక్క వీధిలో."

"అంత మంచి ఇల్లు ఉంటే మనకి ముందే చెప్పకపోయిందా మీ మేడమ్? మన కప్పు కారుతోంది కదా."

"నీకు అన్నింటికీ ఎకసెక్కమే! యుద్ధంలోంచి వచ్చావా నువ్వు? మంచం మీంచి లేచొచ్చావు."

కొలొమాన్ నవ్వాడు. తర్వాత నవ్వు ఆపి, రొట్టె చూస్తూ అడిగాడు. "మేడమ్ కూతురి పెళ్ళికి వెళ్ళావు కదా. ఎక్కడ తిన్నావు?"

"వంటింట్లో. పని చేస్తూ ఎక్కడ తింటారు?"

"దేంట్లో?"

గిజెలా రొట్టె తిప్పింది. అట్లకాడ పెనానికి గీసుకుంది. కాగితం పళ్ళెంలో తింది. మిగతా పనివాళ్ళకి పింగాణీ ఇచ్చారు. ఆ రోజు ఆమెకది తోచనే లేదు. కాగితం పళ్ళెమైతే కడుక్కునే పని ఉండదని సంతోషించింది.

"రొట్టెలు మాడిపోతున్నాయి, తప్పుకో," అంది.

గిన్నె నిండా రొట్టెలు పేర్చి, మధ్యలో వేయించిన కోడి ముక్కలు పెట్టి, మూత పెట్టి, ఎర్ర పువ్వులు కుట్టిన కొత్త తువ్వాల్లో మూట కట్టింది. పైన ముడి వేసి, రెండు కొసలూ కుందేలు చెవుల్లా నిలబెట్టింది. ఎర్జికా కుందేలు మాట గుర్తొచ్చి తనలో తనే నవ్వుకుంది.

హాస్టల్ బస్సు చిన్నది, తెల్లది. డ్రైవర్ ఇమ్రో ఇంజన్ ఆపకుండా స్టీరింగ్ మీద వాలి కూర్చున్నాడు. ఎప్పుడూ గిజెలాని చూడగానే "ఏంటి రాణీగారూ, ఇవాళ ఎవరి దుప్పటి లాగేశారు?" అనే మనిషి, ఇవాళ అద్దం తుడుచుకుంటున్నాడు. చలికి అనుకుంది.

నొయెమి మెట్టెక్కడానికి అవస్థ పడింది. గిజెలా వెనకనుంచి నడుం పట్టి ఎత్తింది. కోటు కింద బిడ్డ తన్నడం ఆమె అరచేతికి తెలిసింది. రెనాటాకి మూట అందించి చెవులు ఊపి చూపిస్తే, పిల్ల కిలకిలా నవ్వి ఒక చెవి పట్టుకుంది.

"పిల్ల పుట్టగానే కబురు చేస్తా పిన్నీ," అంది నొయెమి. "ఆడపిల్లయితే నీ పేరే."

"నా పేరా? వద్దు తల్లీ. పేరుతోపాటు దుప్పట్లు కూడా వస్తాయి."

ఎర్జికా చివర ఎక్కింది. ఎక్కేముందు గిజెలా మణికట్టు పట్టుకుంది. ఎండిన వేళ్ళు, గట్టివి. ఒకసారి నొక్కి వదిలేసింది.

బస్సు గేటు దాటేది చూడాలని గిజెలా రెండడుగులు వేసింది. "గిజ్కా!" లుబిత్సా మెట్ల మీంచి పిలిచింది. "పైకి తువ్వాళ్ళు తీసుకెళ్ళు. త్వరగా." బస్సు ఎటు తిరిగిందో ఆమె చూడలేదు.

తువ్వాళ్ళు తెచ్చేసరికి ముందు హాల్లో ఒక కుటుంబం నిలబడి ఉంది. బంగారురంగు జుట్టు తల్లి, ఇద్దరు పిల్లలు, బుట్టలో పిల్లి. పిల్లి బుట్టలోంచి తల బయటపెట్టి మంచుబూట్లను వాసన చూస్తోంది. లుబిత్సా చేతుల్లో, అతిథుల్ని ఆహ్వానించే రివాజు ప్రకారం, రొట్టె, ఉప్పు పెట్టిన పళ్ళెం ఉంది. ఆ తల్లి రొట్టె తుంచి ఉప్పులో అద్ది ఏడ్చేసింది. లుబిత్సా కళ్ళు కూడా తడిశాయి. అవి నిజమైన కన్నీళ్ళే. అది గిజెలాకి స్పష్టంగా కనబడింది.

కిటికీ పక్క గది తలుపు గిజెలాయే తీసింది. తల్లి గుమ్మంలో ఆగి, చేయి నోటికి అడ్డం పెట్టుకుని, "అబ్బ" అంది. పిల్లలు ఆపిళ్ళ మీద పడ్డారు.

"ఎంత అదృష్టమో!" అంది ఆ తల్లి, వచ్చీరాని భాషలో. కాస్త మాట పోల్చుకుంటే అర్థమవుతుంది. "మా కారు ఇక్కడ ఆగిపోయింది. ఒంట్లో చలి పోతుందని లోపలికొచ్చాం. కాసేపు కూర్చుంటామని అడిగాం, అంతే. గదులు ఖాళీగా ఉన్నాయి, ఎన్నాళ్ళైనా ఉండండి అంది ఆవిడ. ఎంత మంచి మనిషి!"

"మిమ్మల్ని పట్నం నుంచి పంపలేదా అమ్మా?"

"ఎవరు పంపుతారు? మా గురించి ఎవరికి తెలుసు?" ఆమె ఒక ఆపిల్ తీసి గిజెలా చేతిలో పెట్టింది. "మీరు కూడా తినండి."

మంచి మనిషే. ఆమె తప్పేమీ లేదు. గిజెలా ఆపిల్‌ని ఆప్రాన్ జేబులో వేసుకుంది. మెట్లు దిగుతుంటే నడుమున తాళాలు మోగుతున్నాయి. గుత్తిని గుప్పిట్లో బిగించి ఆ చప్పుడు ఆపింది.

వంటింట్లో హెడ్విగా కొత్తవాళ్ళకి కాఫీ పంపుతోంది. అలమారలోని పింగాణీ కప్పులు వరసగా దించింది. "నీకూ పోయనా?" అని, అలవాటుగా చీపుళ్ళ గదిలోకి వెళ్ళి మేకుకు వేలాడుతున్న కోడిపుంజు బొమ్మ కప్పు తెచ్చింది. అది గిజెలా కప్పు. హాస్టల్లో ఇంకెవరికీ లేదు సొంత కప్పు, సొంత మేకు. ఇన్నాళ్ళూ దాన్ని ఒక మర్యాద అనుకుంది. కోడిపుంజు రంగులు కొంచెం వెలిసినా తోక ఇంకా అందంగా ఉంది. హెడ్విగా దాన్ని పిడి పట్టుకుని కాక, గుడ్డతో పట్టుకుని తెచ్చింది. బహుశా ఎప్పుడూ అలాగే తెచ్చేదేమో.

"వద్దు," అంది గిజెలా.

అప్పుడే ఆవరణలో బస్సు చప్పుడైంది. వెలుతురు ఇంకా తగ్గనే లేదు. అంత దూరాన పడమటి ఊరికి వెళ్ళిన బస్సు బాగా రాత్రయితే గాని తిరిగి రాలేదు. ఆమె బయటికి పరుగెత్తలేదు. నడిచింది. బస్సులోపల ఎవరూ లేరు. ఇమ్రో సీటు పక్కనుంచి మూట తీసి రెండు చేతులతో పట్టుకుని దిగాడు.

"ఇది నీదట."

"ఎక్కడ దింపావు ఇమ్రో?"

"నన్నడక్కు గిజ్కా. చెప్పిన చోటికి తోలాను."

"ఎక్కడ?"

"సరిహద్దు దగ్గర, డేరాల్లో." ఇమ్రో బూటుతో మంచుని పక్కకి తోశాడు. "వాళ్ళని అక్కడివాళ్ళే చూసుకుంటారట. మేడమ్ అంది. నాకూ పిల్లలున్నారు, నేను మాత్రం ఏం చెయ్యను? చిన్నది ఏడ్చింది. ఆ గర్భిణి 'తోట ఏది?' అనడిగింది. ఏ తోట? నాకేం తెలుసు?"

"అత్త ఏమంది? ముసలామె?"

"ఒక్క మాటా అనలేదు. అందరూ దిగాక మళ్ళీ ఎక్కి, ఈ మూట నా పక్క సీటు మీద పెట్టింది. 'ఆమెకివ్వు' అన్నట్టు వేలు చూపించింది. ఆకలేసి దారిలో ఒకటి తిందామనుకున్నా. ఎందుకో చెయ్యి రాలేదు."

గిజెలా మూట అందుకుంది. విప్పాల్సిన పని లేదు. బరువే చెప్పింది. పొద్దున్నించీ ఏమీ తినని ముగ్గురు మనుషులు, వాళ్ళలో ఒకరి కడుపులో ఇంకొకరు, వేడి రొట్టెల మూట ఒళ్ళో పెట్టుకుని, వాసన పీలుస్తూ, ముడి విప్పకుండా సరిహద్దు దాకా వెళ్ళారు. ముసలామె ఎక్కడో ఒకచోట కిటికీలోంచి తాము వచ్చిన దారినే గుర్తుపట్టి ఉంటుంది. అప్పుడు రెనాటా చేతిని చెవుల మీంచి మెల్లగా తీసేసి ఉంటుంది.

లుబిత్సా తన గదిలో కిటికీ దగ్గర నిలబడి ఉంది. అంతా చూసినట్టే ఉంది.

"కూర్చో గిజ్కా."

గిజెలా కూర్చోలేదు. "ఇల్లు ఉందా మేడమ్?"

"ఉండేది. మాట్లాడుతున్నారు. ఇంకా తేలలేదు." లుబిత్సా కళ్ళద్దాలు తీసి తుడుచుకుంది. "ఊళ్ళోవాళ్ళు రోజూ నా ప్రాణం తీస్తున్నారు. సిగాన్లని తెచ్చి పెట్టారని. ఒక కుటుంబాన్ని ఉంచితే ఇంకో పది వస్తాయట. ఇది మూసేస్తే అందరూ రోడ్డున పడతారు. నీ ఉద్యోగం కూడా పోతుంది. నేను నీగురించే ఆలోచించాను."

"నాచేత చెప్పించారు."

"నువ్వు చెబితే గొడవ లేకుండా వెళ్తారని. పోలీసులొచ్చి లాక్కెళ్ళడం బావుంటుందా చెప్పు, ఆ పిల్ల ముందు?" ఆమె దగ్గరికొచ్చి, పొద్దుటిలాగే భుజం మీద చేయి వెయ్యబోయింది. "వాళ్ళ సంగతి వేరు, నీ సంగతి వేరు. నువ్వు వాళ్ళలాంటిదానివి కాదని నాకు తెలీదా?"

గిజెలా ఒక్క అడుగు వెనక్కి వేసింది. చేయి గాల్లోనే ఆగిపోయింది.

"నా చేతి అన్నం మీరు ఎప్పుడూ తినలేదు కదా మేడమ్," అంది మెల్లగా. "వాళ్ళు తిన్నారు."

లుబిత్సాకి ఆ మాట అర్థమైనట్టు లేదు. "ఇంటికెళ్ళి పడుకో ఇవాళ. రేపు మాట్లాడదాం."

గిజెలా నడుము దగ్గర ముడి విప్పింది. తాళాల గుత్తిని మేజా మీద చప్పుడు కాకుండా పెట్టింది. ఆప్రాన్ తీసి సగానికి మడిచింది, ఆ సగాన్ని మళ్ళీ సగం చేసింది. జేబులో ఆపిల్ గట్టిగా తగిలితే తీసి దానిమీద పెట్టింది. మూట పట్టుకుని వంటింట్లోకి నడిచి, పెద్ద బల్ల చివర దించింది. రొట్టె అన్నది పట్టుకుని తను ఆ ముసలామె ముందుకి మళ్ళీ వెళ్ళకూడదు. ఒకసారి వద్దన్న గిన్నెని రెండోసారి తీసుకెళ్ళడమంటే వాళ్ళ ముఖాన కొట్టడమే. వట్టి చేతులతోనే వెళ్ళాలి. వెళ్ళి, వాళ్ళు మాట్లాడకపోతే మాట్లాడకపోయినా, ఆ డేరాల పక్కన నిలబడాలి.

"గిన్నె మర్చిపోతున్నావే!" అంది హెడ్విగా.

"మర్చిపోలేదు."

వంటింటి కిటికీ హెడ్విగా తల ఎత్తులో ఉంటుంది, అందులోంచి మనుషులు నిలువెల్లా కనబడతారు. కోటు గుండీలు పెట్టుకుంటూ గిజెలా ఆవరణ దాటడం ఆమె చూసింది. గేటు దగ్గర ఊళ్ళోకి వెళ్ళే బస్సు వచ్చి ఆగింది. గిజెలా ఎక్కలేదు. రోడ్డు దాటి అవతలి స్టాపులో, సరిహద్దు వైపు వెళ్ళే జనం నిలబడే చోట, నిలబడింది. మంచు పడడం మొదలైంది. పొద్దున పొయ్యి దగ్గర వెచ్చబడిన బూట్లతో ఆమె ఒక కాలి మీంచి ఇంకో కాలికి బరువు మార్చుకుంటూ ఉంది. తర్వాత ఒక బస్సు అడ్డం వచ్చింది. అది కదిలాక స్టాపులో ఎవరూ లేరు.

మర్నాడు ఆమె పనిలోకి రాలేదు. ఆ మర్నాడు కూడా. కొలొమాన్ ఒకసారి గేటు దాకా వచ్చి, "ఆవిడ అక్కడే ఉంది, వాళ్ళ దగ్గర" అని మాత్రం చెప్పి, ఆమె కొత్త కండువా, ఉన్ని మేజోళ్ళు పెట్టిన సంచీ భుజానేసుకుని అటువైపే వెళ్ళిపోయాడు. లోపలికి రమ్మంటే రాలేదు. దుప్పట్లు మడవడానికి ఇద్దరిని పెట్టారు.

హెడ్విగాకి పిండి పిసకడానికి ఆ బల్ల కావాలి. మూటని రెండుసార్లు ఎత్తింది, రెండుసార్లూ అక్కడే దించింది. పారేస్తానంటే లుబిత్సా వద్దంది. విప్పుతానంటే అదీ వద్దంది. బల్ల చివర, వెలుతురు పడే చోట, నీలం అంచు కొంచెం కనబడుతూ ఆ గిన్నె అలాగే ఉంది. పైన ముడి గిజెలా వేసినదే. రెండు కొసలూ ఇంకా కుందేలు చెవుల్లా నిలబడే ఉన్నాయి. ఒకటి మాత్రం, చిన్నపిల్ల దారంతా పట్టుకున్నది, నలిగి కాస్త పక్కకి వాలింది.